మంచుగోడ ముందు ఎల్లయ్య పేరు

ఓడ వేగం తగ్గించి, నీళ్ళ మీద తేలుతున్న మంచుపెళ్ళల్ని మెల్లగా పక్కకు తోసుకుంటూ గ్లేసియర్ ముందుకు చేరేసరికి బ్యూలా ఆ మాటల్ని మూడోసారి వింటోంది. గాలి హోరులో వినబడక ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకుంది.

"వదినె, నేను బక్కమ్మను. రేపు పదకొండు గొట్టంగ సంగారెడ్డిల ఇచారణ ఉన్నదంట. సత్తెన్న వస్తడు గదా? అన్న ఒక్కడు నిజం చెప్తె మా ఆయన మీద వడ్డ మచ్చ పోతది. జెర అన్నకు యాది చెయ్యి."

అంతే. ఇరవై సెకన్ల మాట. బక్కమ్మకు వీళ్ళు ఓడలో ఉన్నారని కూడా తెలియదు.

బక్కమ్మ భర్త ఎల్లయ్య పోయి ఎనిమిది నెలలయింది. జిన్నారం దారిలోని మందుల కంపెనీలో రియాక్టర్ పేలి, ఆ మంటల్లో పోయాడు. ఆ ప్లాంటుకు ఇన్‌చార్జి బ్యూలా భర్త సత్యానందం. పేలుడుకు పది నిమిషాల ముందు డ్యూటీ దిగి గేటు దగ్గరికి వచ్చాడు గనుక బతికాడు. వేడి హద్దు దాటితే మోగాల్సిన అలారం ఆ సాయంత్రం మోగలేదు. దాని వైరు ఎవరో ఊడదీశారు. ఆ మోత భరించలేక ఎల్లయ్యే ఊడదీశాడని కంపెనీ వేసిన కమిటీ తేల్చేసింది. ఆ తర్వాత రెండు నెలలు తిరక్కుండానే డైరెక్టర్ మురళీమోహన్ సత్యానందాన్ని స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసుకు కానుకగా కుటుంబంతో సహా అలాస్కా ఓడ ప్రయాణం అన్నాడు. వీసాలూ టిక్కెట్లూ అన్నీ కంపెనీయే చూసుకుంది. మురళీమోహన్ కుటుంబం కూడా ఇదే ఓడలో, పై అంతస్తు గదుల్లో ఉంది.

సంగారెడ్డిలో సర్కారు జరిపే ఈ విచారణ సంగతి మాత్రం బ్యూలాకు ఎవరూ చెప్పలేదు.

ఓడలో పొద్దున్న ఏడున్నర. పటాన్‌చెరులో ఇప్పుడు రాత్రి తొమ్మిది. పద్నాలుగు గంటల్లో సంగారెడ్డిలో సత్యానందం పేరు పిలుస్తారు. పలికేవాడు ఉండడు.

బ్యూలా ఫోన్‌ను కోటు జేబులో వేసుకుని రెయిలింగ్ వైపు చూసింది. అక్కడ జనం కిక్కిరిసి ఉన్నారు. దుప్పట్లు కప్పుకున్నవాళ్ళు, మనవలను భుజాల మీద ఎక్కించుకున్నవాళ్ళు, సూపు కప్పులు పట్టుకున్నవాళ్ళు. వాళ్ళందరికీ ఎదురుగా, రెండు కొండల నడుమ, మంచు నది సముద్రంలోకి దిగుతూ గోడలా నిలబడింది. ఆ గోడ తెల్లగా ఉంటుందనుకుంది బ్యూలా. తెల్లగా లేదు. పగుళ్ళ లోపల నీలం, అడుగున మట్టి చారలు, ఇరవై అంతస్తుల ఎత్తు. దాని ముందు ఎగురుతున్న పక్షులు ఆవగింజల్లా కనిపిస్తున్నాయి.

కూతురు నిషిత బైనాక్యులర్స్‌తో మంచుపెళ్ళల మీద పడుకున్న సీల్స్‌ను లెక్కపెడుతోంది. ఆ పిల్లకు కిందటి అక్టోబరులో ఇరవై నిండాయి. ఆమెకు రెండడుగుల దూరంలో సత్యానందం, పటాన్‌చెరు సంతలో కొన్న మంకీ క్యాప్ చెవుల మీదికి లాక్కుని నిలబడ్డాడు. అందరూ గ్లేసియర్‌ను చూస్తుంటే అతను కింద నీళ్ళను చూస్తున్నాడు.

బ్యూలా వెళ్ళి అతని పక్కన ఆనుకుంది.

"నిషి డాడీ, రేపు సంగారెడ్డిల ఏమున్నది?"

అతను తల తిప్పలేదు. "ఏముంటది?"

"నన్నడుగుతున్నవా? బక్కమ్మ మెసేజ్ పెట్టింది. ఇచారణంట గదా."

"అది... వాయిదా పడ్డదనుకున్న."

"అనుకున్నవా? ఎవరు చెప్పిండ్రు వాయిదా పడ్డదని?"

సత్యానందం చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. బ్యూలా పోతిరెడ్డిపల్లిలో పద్దెనిమిదేళ్ళుగా పిల్లలకు లెక్కలు చెబుతోంది. అబద్ధం చెప్పే పిల్లవాడు ముందు చేతులు దాచుకుంటాడని ఆమెకు తెలుసు.

"మే నెలల పోదామంటిమి. నాకు సెలవులుండె," అంది గొంతు తగ్గించి. "నడుమల టిక్కెట్లు మారినయ్. బడి తెరిచే టయిమ్, లీవ్ దొరకదు అంటె నువ్వే పట్టుబట్టినవ్. ఈ వారమే పోవాలె అన్నవ్. ఎందుకు?"

"ఇప్పుడు గీ ముచ్చట అవసరమా? పిల్ల ఉన్నది పక్కన."

"ఇక్కడ గాకుంటె ఎక్కడ అడగాలె? నడి సముద్రంల పెట్టి..."

"ఏవండీ బ్యూలాగారూ! అలా మాట్లాడుకుంటూ కూర్చుంటే ఎలాగండీ, అటు చూడండి, అటు!"

మురళీమోహన్ నవ్వుతూ వచ్చాడు. ఎర్ర జాకెట్, చేతిలో కాఫీ. వాళ్ళ నాన్న ఏలూరు నుంచి వచ్చి పటాన్‌చెరు దగ్గరి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం చేశాడు. కొడుకు అక్కడే పుట్టి పెరిగినా ఇంటి మాట మాత్రం మారలేదు. అతను సత్యానందం భుజం మీద చెయ్యి వేశాడు.

"మన జిన్నారం ఎండల్లో పనిచేసేవాడికి ఈ చల్లదనం ఎలా ఉందయ్యా? ఫొటో తీయించుకున్నారా? రండి, నేను తీస్తాను." ఫోన్ ఎత్తుతూనే, ఏదో చిన్న సంగతి గుర్తొచ్చినట్టు అన్నాడు. "ఆ, ఆ కాయితం నా దగ్గరే ఉంది. టిఫిన్ టైముకల్లా చూసేసి ఇచ్చేస్తే, కింద ఆఫీసులో స్కాన్ చేసి పంపిద్దాం."

"ఏం కాయితం?" అంది బ్యూలా.

"ఆఫీసు గోలండీ. మీకెందుకు, హాయిగా..."

అప్పుడు గోడ మీది నుంచి ఒక ముక్క విడిపడింది.

ముందు చప్పుడు లేదు. నాలుగంతస్తుల భవనమంత మంచు గోడ నుంచి ఒరిగి, తాపీగా, ఎవరో దించుతున్నట్టు నీళ్ళలోకి జారింది. నీళ్ళు తెల్లగా పైకి లేచాయి. జనం ఊపిరి బిగబట్టారు. రెండు మూడు క్షణాల తర్వాత ఆ చప్పుడు వాళ్ళను చేరింది. మొదట పిడుగు పడ్డట్టు ఒక్కటే దెబ్బ, ఆపైన కొండల మధ్య దొర్లుతూ వచ్చిన ఉరుము. డెక్కు చెక్కల్లోంచి ఆ అదురు బ్యూలా పాదాల దాకా వచ్చింది.

జనం కేకలు వేశారు. ఈలలు, చప్పట్లు.

సత్యానందం నేల మీద ఉన్నాడు. మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులూ తల మీద వేసుకుని, ముడుచుకుపోయాడు. గొంతు చించుకుని అరుస్తున్నాడు.

"ఎల్లయ్యా! బయటికి ఉరుకురా! అలారం మోగదురా, ఎల్లయ్యా! మోగదు! బయటికి రా!"

దగ్గరున్న ఒక ముసలాయన సూపు కప్పు కింద పెట్టేసి వంగాడు. ఎవరో డాక్టరును పిలవమన్నారు. నిషిత "డాడీ!" అంటూ వచ్చి అతన్ని చుట్టేసింది. బ్యూలా మాత్రం కదల్లేదు. చప్పట్లు ఇంకా ఆగలేదు, ఉరుము ఇంకా కొండల్లో దొర్లుతోంది, ఆమెకు మాత్రం ఒక్క మాటే వినిపిస్తోంది.

అలారం మోగదురా.

కమిటీ ముందు సత్యానందం ఏం చెప్పాడో ఆమెకు తెలుసు. ఇంట్లో తానే పక్కన కూర్చుని తెల్లకాగితం మీద రాసిపెట్టింది. 'వైరు ఊడదీసిన సంగతి నాకు తెలియదు. పేలుడు తరువాతనే తెలిసినది.' ఆ అక్షరాలు తన చేతి రాత.

మురళీమోహన్ ముఖంలో నవ్వు అలాగే ఉంది. కళ్ళు మాత్రం బ్యూలా మీదికి తిరిగాయి. తను విన్నదా లేదా అని అతను తేల్చుకుంటున్నాడని ఆమెకు అర్థమయింది.

"కళ్ళు తిరిగినట్టున్నాయి. చలండీ," అన్నాడతను చుట్టూ ఉన్నవాళ్ళతో, ఇంగ్లీషులో కూడా అదే చెప్పి. "లోపలికి తీసుకెళ్ళండి బ్యూలాగారూ. నేను పది నిమిషాల్లో వస్తాను."

*

మెట్ల కింద, గాలి తగలని మూలలో ఒక బెంచీ ఉంది. బ్యూలా భర్తను అక్కడ కూర్చోబెట్టింది. వేడి నీళ్ళు తెమ్మని నిషితను పంపింది. సత్యానందం పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"అలారం మోగదని నీకెట్ల తెలుసు?"

"ఏమన్ననో నాకే తెల్వదు. భయానికి..."

"నా మొఖం జూసి చెప్పు. నీకెట్ల తెలుసు?"

అతను మంకీ క్యాప్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నెత్తి మీద వెంట్రుకలు చెమటకు అంటుకుపోయి ఉన్నాయి. అంత చలిలో చెమట.

"సెన్సార్ ఖరాబైంది," అన్నాడు. "రెండు దినాల సంది ఊకె మోగుడే. వేడి లేకున్నా మోగుతుండె. మోగినప్పుడల్లా బ్యాచ్ ఆపాలె. కొత్తది బొంబాయి నుంచి రావాలె. సారుకు ఫోన్ చేసిన. ఒక్క రోజు వైరు తీసెయ్, మీటర్ కాడ మనిషిని నిలబెట్టు, సరుకు రేపు పోవాలె అన్నడు. తీసిన."

"ఎవరు తీసిండ్రు?"

"నేనే. నా చేతులతోటే."

బ్యూలా పక్కనున్న ఇనుప కమ్మీ పట్టుకుంది. చల్లదనానికి అరచెయ్యి చురుక్కుమన్నా వదల్లేదు. అడగాల్సిన మాట ఇంకొకటి ఉంది. దాన్ని అడగకుండా లేచి వెళ్ళిపోవాలని ఒక్క క్షణం అనిపించింది. ఎల్లయ్య ఏటా బొంతపల్లి జాతరకు వీళ్ళను పిలిచేవాడు. సీతాఫలాల రోజుల్లో గంప నెత్తిన పెట్టుకుని వచ్చి, నిషి తినేదాకా గుమ్మంలో కూర్చునేవాడు.

"ఎల్లయ్యకు చెప్పినవా?"

సత్యానందం ఒళ్ళోని టోపీ అంచును మడిచాడు, విప్పాడు.

"చెప్పినవా లేదా? వైరు తీసిన, మీటర్ మీద కన్ను పెట్టు అని ఒక్క మాట చెప్పినవా?"

"పొద్దుగాల నుంచి నేనే నిలబడ్డ బ్యూలా, మీటర్ కాడ. అన్నం గూడ ఆడనే తిన్న. ఆరింటికి వాడు డ్యూటీ ఎక్కిండు. బట్టలు మార్చుకొనొస్త అన్నా అని లోపలికి పోయిండు. రాంగనే చెప్దామని చూస్తున్న. గప్పుడే ఫోనొచ్చింది. పుట్టినరోజు కేక్ ముందల కూసున్నం డాడీ, ఇంకెప్పుడొస్తవ్ అని. వస్తున్న బిడ్డా, వస్తున్న అనుకుంట, మాట్లాడుకుంట బండి కాడికి పోయిన." అతను అరచేతులతో ముఖం తుడుచుకున్నాడు. "గేటు కాడ యాదికొచ్చింది. ఒట్టు బ్యూలా, బండి మళ్ళించిన. మళ్ళించిన! అప్పుడే..."

మిగతాది బ్యూలాయే ఊహించుకుంది. అలారం ఉందన్న ధైర్యంతో ఎల్లయ్య తన పనేదో తను చూసుకుంటూ ఉండి ఉంటాడు. చెవి అటే వేసి ఉంటాడు. చివరి క్షణం దాకా అది మోగుతుందనే అనుకుని ఉంటాడు.

నేల మీద ఏదో పడి దొర్లిన చప్పుడు. బ్యూలా వెనక్కి తిరిగింది. మెట్ల పక్కన నిషిత నిలబడి ఉంది. నీళ్ళ కప్పు కింద పడి, నీళ్ళు ఆమె బూట్ల చుట్టూ ఆవిరి కక్కుతున్నాయి.

"నేను ఫోన్ చేసినందుకా డాడీ?"

"కాదు బిడ్డా! నీదేం తప్పు గాదు." సత్యానందం లేవబోయి లేవలేకపోయాడు. "నాది. అంతా నాది."

"ఎల్లయ్య చిన్నాయన కోసం నెల రోజులు ఏడ్చిన నేను. నువ్వు పక్కన కూసుని నా కండ్లు తుడిచినవ్." నిషిత గొంతు పెరగలేదు. అదే బ్యూలాను ఎక్కువ భయపెట్టింది. "వాళ్ళ ఇంటికి పోతె బక్కమ్మ చిన్నమ్మ నీ కాళ్ళు మొక్కింది. మొక్కించుకున్నవ్."

*

మురళీమోహన్ అన్నట్టే పది నిమిషాల్లో వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ ఫైలు. ముగ్గురి ముఖాలూ చూడగానే చెప్పించుకోవలసింది ఏమీ లేదని గ్రహించాడు. ఎదురుగా ఉన్న స్టూలు లాక్కుని, సొంత ఇంట్లో కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"చెప్పేశాడన్నమాట. మంచిదేలెండి, ఇంట్లో దాపరికాలు ఉండకూడదు."

"వైరు తియ్యమన్నది మీరేనా?" అంది బ్యూలా.

"నేనేనండీ. మీ దగ్గర దాచను. మనిషిని నిలబెట్టమని కూడా నేనే చెప్పాను. ఆ రెండో ముక్క మీవారు చెయ్యలేదు." అతను ఫైలు తెరిచాడు. "ఇప్పుడు నిజం చెబితే ఏమవుతుందో ఆలోచించారా? నేను ఫోన్‌లో ఏం మాట్లాడానో విన్నవాడు లేడు. వైరు పీకిన చేతులు ఇవి. జైలుకెళ్ళేది ఈయన. అమ్మాయి చదువు మధ్యలో ఉంది. పోనీ అంతా చేసి ఎల్లయ్యను తెస్తామా అంటే, తేలేం కదండీ."

కాగితం మీద నాలుగే వాక్యాలు. అనారోగ్యం వల్ల విచారణకు రాలేకపోతున్నాను. వైరు సంగతి నాకు తెలియదు. ఎల్లయ్యకు లోగడ కూడా అలారం ఆపే అలవాటు ఉండేది. రెండుసార్లు నోటితో హెచ్చరించాను.

మూడో వాక్యం దగ్గర బ్యూలా కళ్ళు ఆగిపోయాయి. ఇది పాత అబద్ధం కాదు, కొత్తది. ఇంతకాలం సత్యానందం నోరు మూసుకున్నాడు. ఇప్పుడు నోరు తెరిచి చచ్చినవాడి మీద చెప్పమంటున్నారు.

మురళీమోహన్ పెన్ను మూత తీసి ముందుకు చాపాడు. సత్యానందం దాన్ని అందుకున్నాడు. భార్య వైపు చూడలేదు, కూతురి వైపు చూడలేదు. "ఇగ నాకు వేరే దారి లేదు బ్యూలా," అన్నాడు కాగితంతోనే చెబుతున్నట్టు.

బ్యూలా ఆ చెయ్యి పట్టుకుని ఆపలేదు. జేబులోంచి ఫోన్ తీసింది.

"పెట్టు. పెట్టే ముందు ఒక్క పని చెయ్యి. ఈ మూడో ముక్క నువ్వే బక్కమ్మకు చదివి వినిపించు. నీ మొగనికి అలారం ఆపే అలవాటుండె అని నీ నోటితోటి చెప్పు. చెప్పగలిగితె సంతకం పెట్టు. నేను జన్మల అడగను."

"బ్యూలాగారూ, ఆవేశపడకండి," అన్నాడు మురళీమోహన్. లేచి నిలబడ్డాడు. "ఆ ఫోన్ పక్కన పెట్టండి."

"మీరు కూసోండి సార్. ఇది మా ఇంటి మాట."

ఫోన్ మోగుతోంది. ఓడలో సిగ్నల్ రెండుసార్లు తెగి మళ్ళీ కలిసింది. సత్యానందం చేతిలోని పెన్ను కాగితం మీద చిన్న నల్ల చుక్క పెట్టి అక్కడే ఆగింది. అవతల ఎవరో ఎత్తారు. బ్యూలా స్పీకర్ నొక్కి ఫోన్‌ను భర్త ముందు పెట్టింది.

"వదినె!" బక్కమ్మ గొంతు గుసగుసగా, తొందరగా వచ్చింది. "మీ ఏసయ్యనే నీతోటి ఫోన్ చేయించిండు. కంపెనీవోళ్ళు వచ్చిండ్రు వదినె, ఇద్దరు. ముందరింట్ల కూసున్నరు. ఏందో కాయిదం తెచ్చి ఏలిముద్ర ఎయ్యమంటున్నరు. ఏస్తె రేపు ఇచారణకు నువ్వు రానక్కర్లేదు, నీ బిడ్డకు కంపెనీల కొలువు ఇస్తమంటున్నరు. ఏముందో నాకు సదువ రాదు. నేను వంటింట్లకు వచ్చి మాట్లాడుతున్న. సత్తెన్న ఉన్నడా?"

పై డెక్కు మీద జనం మళ్ళీ కేకలు వేశారు, గోడ నుంచి ఇంకేదో రాలినట్టుంది.

"ఉన్నడు," అంది బ్యూలా. "ఇంటున్నడు. మాట్లాడు."

"అన్నా! సత్తెన్నా! నువ్వు మా ఆయనకు పెద్దన్న అసుంటోనివి. నువ్వు ఎయ్యమంటె కండ్లు మూసుకొని ఏస్త. వద్దంటె వాళ్ళ మొఖం మీద పారేస్త. జల్దీ చెప్పు, వాళ్ళు పిలుస్తున్నరు. ఎయ్యాల్నా, వద్దా?"

మురళీమోహన్ సత్యానందం కళ్ళలోకి చూస్తూ తల నిదానంగా కిందికీ పైకీ ఊపాడు. వెయ్యమను. నిషిత రెండు చేతులతో నోరు మూసుకుంది.

సత్యానందం ఫోన్‌ను రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. పెన్ను కాగితం మీదే వదిలేశాడు. అది మంచికో చెడుకో బ్యూలాకు అంతుబట్టలేదు.

"బక్కమ్మా, ఎయ్యకు," అన్నాడు. "ఆ వచ్చినోళ్ళకు ఫోన్ ఇయ్యి."

మురళీమోహన్ పెదాల మీది నవ్వు, ఎనిమిది నెలల్లో మొదటిసారి, ఆరిపోయింది.